మిద్దె మీద మూడు కిలోవాట్లు: కదిరి శిక్షణ కేంద్రం పనుల డైరీ

జూన్, మొదటి వారం

కదిరి పట్టణం అంచున ఉన్న మా శిక్షణ కేంద్రం మిద్దె మీద 3.24 కిలోవాట్ల సౌర విద్యుత్ ఏర్పాటు చేయాలని, ఆ పనిని బయటి కాంట్రాక్టరుకు అప్పగించకుండా, లైసెన్సు ఉన్న సూపర్‌వైజరు పర్యవేక్షణలో ఇక్కడ నేర్చుకోవడానికి వచ్చినవారి చేతనే మొదటి నుంచి చివరి దాకా చేయించాలని నిర్ణయమైంది. బృందంలో రెండు రకాలవారు ఉన్నారు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు పూర్తిచేసి, ఇళ్ల వైరింగ్ పనులకు రోజుకూలీగా వెళ్తున్న యువతీ యువకులు ఒక వైపు, పొదుపు సంఘాల నుంచి వచ్చిన మహిళలు మరో వైపు. మొదటివారికి నిలకడైన ఉపాధి కావాలి. రెండోవారు మొదటి రోజే అడిగింది కరెంటు బిల్లు ఎందుకు పెరుగుతోందని.

ఈ ప్రాంతానికి సూర్యుడి కరెంటు కొత్త కాదు. దగ్గరలోని నంబులపూలకుంటలో ఎన్‌టీపీసీ 250 మెగావాట్ల కేంద్రం 2016 నుంచి పనిచేస్తోంది. గని, శకునాల గ్రామాల పరిధిలోని 1,000 మెగావాట్ల కర్నూలు పార్కు 2017లో సిద్ధమైంది. అయితే వేల ఎకరాల పార్కు ఒకసారి కట్టడం పూర్తయిన తర్వాత మెగావాటుకు కావలసిన మనుషులు చాలా తక్కువ. మా బృందంలోనే ప్యానెళ్లు కడగడానికి, గడ్డి కోయడానికి అలాంటి చోట్లకు వెళ్లివచ్చినవారు ఉన్నారు. పార్కు లోపల ఏళ్ల తరబడి తిరిగినా, ప్యానెల్ వెనక అంటించిన చీటీలో ఏమి రాసి ఉందో ఎవరూ చెప్పలేదని వారే అన్నారు. ఇంటి మిద్దెల మీది పని దీనికి భిన్నమైనది. ఒక్కో కిలోవాటుకు ఎక్కువ చేతులు కావాలి, ప్రతి మిద్దెకూ వేరే లెక్క వేయాలి, పెట్టి వెళ్లిన తర్వాత కూడా ఎవరో ఒకరు వచ్చి చూసుకోవాలి.

హరిత నైపుణ్యాలు, అంటే పర్యావరణానికి మేలు చేసే పనులకు కావలసిన నైపుణ్యాలు అనగానే ఏదో కొత్త విద్య నేర్పుతారని అందరూ ఎదురుచూస్తారు. నా అంచనా ప్రకారం ఇందులో ముప్పాతిక భాగం ఐటీఐలో నేర్పే పాత పనే. దానికి కొలిచే అలవాటు, కొలిచినదాన్ని రాసిపెట్టే అలవాటు తోడవ్వాలి. అందుకే పరికరాల జాబితాలో ప్యానెళ్ల కంటే ముందు మల్టీమీటరు, తీగ చుట్టూ పట్టి ప్రవాహం చూపే క్లాంప్ మీటరు, ఎర్తింగ్ నిరోధం కొలిచే ఎర్త్ టెస్టరు, ప్లగ్‌లో పెట్టి యూనిట్లు చూపించే చిన్న మీటరు చేరాయి.

జూన్, రెండో వారం: ముందు బిల్లులు

ప్యానెళ్లు ఇంకా రాలేదు కనుక బిల్లుల పాఠం ముందుకు వచ్చింది. నిజానికి అదే సరైన వరుస. వాడకాన్ని తగ్గించకుండా ప్యానెళ్లు పెట్టడమంటే వృథాకు సరిపడా ప్యానెళ్లు కొనడమే.

అందరినీ ఇంటి నుంచి బిల్లులు తెమ్మన్నాము. మంజూరైన లోడు ఎంత, స్థిర ఛార్జీ దేని మీద వేస్తున్నారు, శ్లాబు ఎక్కడ మారుతోంది అన్న మూడింటినీ ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టించాము. వాడకం పెరిగే కొద్దీ పై యూనిట్ల ధర పెరుగుతుంది కాబట్టి, మనం తగ్గించిన ప్రతి యూనిటూ అన్నిటికంటే ఖరీదైన శ్లాబులోంచే తగ్గుతుంది. ఈ ఒక్క సంగతి అర్థమైన తర్వాత బిల్లును చూసే తీరే మారిపోయింది.

ఆ తర్వాత కొలతలు. పాత సీలింగు ఫ్యాను పూర్తి వేగంతో 74 వాట్లు తీసుకుంటోంది, పక్కనే బిగించిన బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తీసుకునే కొత్త రకం మోటారు) ఫ్యాను 30 దగ్గర ఆగింది. తేడా సుమారు 45 వాట్లు. రోజుకు 12 గంటలు తిరిగే ఫ్యానుకు నెలకు 16 యూనిట్లు, ఇంట్లో మూడు ఫ్యాన్లుంటే 48 యూనిట్లు. అప్పుడు సంఘం మహిళల్లో ఒకరు అడిగిన ప్రశ్న ఇక్కడ రాసి ఉంచదగినది: “గాలి రెంటికీ ఒకటే వస్తాంది కదా సార్, మరి ఆ మిగిలిన నలభై అయిదు వాట్లు యాడికి పోతాండాయి?” జవాబు చెప్పే బదులు, రెండు ఫ్యాన్లనూ రెండు గంటలు తిప్పి, ఆపేసి, నిచ్చెన ఎక్కి మోటారు గిన్నె మీద అరచేయి పెట్టి చూడమన్నాను. పాతది కాలుతోంది, కొత్తది కాస్త గోరువెచ్చగా ఉంది. “అయితే ఎండాకాలంలో మేము డబ్బులిచ్చి ఇంట్లో వేడి కొనుక్కుంటాండామన్నమాట” అని ఆమే తేల్చేశారు. సీలింగు ఫ్యాన్లకు స్టార్ గుర్తు 2023 నుంచి తప్పనిసరి అయింది కనుక, కొత్తది కొనేటప్పుడు అట్టపెట్టె మీద ఏమి చూడాలో కూడా అదే పూట చెప్పాము.

ఫ్రిజ్ తలుపు సందులో కాగితం ముక్క పెట్టి మూసి లాగితే సులువుగా జారి వచ్చేస్తే రబ్బరు అంచు పోయినట్లు లెక్క. రాత్రంతా వెలుగుతూ ఉండే సెట్‌టాప్ బాక్సు తక్కువ వాట్లే తీసుకున్నా, 24 గంటల గుణకారం దాన్ని బిల్లులోకి తెస్తుంది. ఇవన్నీ చిన్నవే. అయినా ఒక్కో ఇంటికి ఒక పేజీ చొప్పున లెక్క రాసి ఇవ్వడం మహిళా బృందానికి వచ్చేసింది. యువకుల్లో కొందరికి ఈ పాఠం చప్పగా అనిపించింది, వారి చూపంతా మిద్దె మీదే ఉంది.

జూన్, చివరి వారం: నీడల లెక్క

మిద్దె కొలతలు తీసుకున్నాము. దక్షిణం వైపు పిట్టగోడ మీటరు ఎత్తు ఉంది, ఆగ్నేయ మూలలో నీళ్ల ట్యాంకు ఉంది, పడమట పక్కింటివారి వేపచెట్టు ఉంది. ప్యానెల్ మీద చెయ్యెడు నీడ పడినా ఆ వరుస మొత్తం దిగుబడి దెబ్బతినవచ్చు. నీడ పడ్డ భాగాన్ని తప్పించి కరెంటును దారి మళ్లించే బైపాస్ డయోడ్లు ప్యానెల్ లోపల ఉంటాయి, అవి నష్టాన్ని కొంత తగ్గిస్తాయి గాని పూర్తిగా పూడ్చలేవు.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. కదిరి సుమారు 14 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివర నుంచి ఆగస్టు మధ్య దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపున ఉంటాడు, అంటే నీడ దక్షిణానికి పడుతుంది. జూన్‌లో మిద్దె ఎక్కి నీడలు చూసినవారికి పిట్టగోడకు ఉత్తరంగా ఉన్న జాగా అంతా ఖాళీగా, నిర్భయంగా కనిపిస్తుంది. డిసెంబరులో అదే జాగాలోకి గోడ నీడ వచ్చి కూర్చుంటుంది. డిసెంబరు 21న ఉదయం 9 గంటల ప్రాంతంలో సూర్యుడు 32 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు కాబట్టి మీటరు గోడకు మీటరున్నరకు పైగా నీడ పడుతుంది. ఫోనులోని సూర్యగమనం యాప్ ఈ సంగతి చిటికెలో చూపిస్తుంది, అయినా ముందు కాగితం మీద త్రికోణం గీయించి, సుద్దముక్కతో మిద్దె మీద డిసెంబరు నీడ అంచు గీయించిన తర్వాతే యాప్ తెరవనిచ్చాను. పదో తరగతి త్రికోణమితి ఎందుకు చదివామో ఇప్పుడు తెలిసిందని ఒక కుర్రాడు అన్నాడు. ఆ మాట లెక్కల టీచర్లకు చేరాలి.

ప్యానెళ్లను దక్షిణ ముఖంగా 15 డిగ్రీల వాలుతో, పిట్టగోడకు రెండు మీటర్లు ఎడంగా, ట్యాంకు నీడ తగలని చోట పెట్టాలని ఖరారైంది.

జూలై: దిమ్మెలు, ఇనుము, ఎర్తింగ్

స్లాబుకు రంధ్రాలు వేస్తే వానాకాలంలో కారుతుందని భవనం చూసుకునేవారు అభ్యంతరం చెప్పారు, వారి మాటలో న్యాయం ఉంది. అందువల్ల స్లాబు మీద కాంక్రీటు దిమ్మెలు పోసి వాటిలోనే బోల్టులు నిలిపాము. ఒక్కో ప్యానెల్ 28 కిలోల బరువు, దాదాపు రెండున్నర చదరపు మీటర్ల వైశాల్యం. ఆరింటినీ కలిపితే పదిహేను చదరపు మీటర్ల పలక గాలికి ఎదురుగా నిలుస్తుంది. గాలి దాన్ని కిందికి నొక్కడం కంటే పైకి లేపడమే ఎక్కువ ప్రమాదం కనుక దిమ్మెల బరువు లెక్క సూపర్‌వైజరే దగ్గరుండి చూశారు. కాళ్ల ఎత్తులు సరిచూసే పని తాపీ పని తెలిసిన ఒక యువకుడికి అప్పగించాము. అతను లేజరు పరికరం పక్కన పెట్టి రసమట్టం, నీళ్ల గొట్టంతోనే మట్టం తేల్చాడు. తర్వాత లేజరుతో చూస్తే ఎక్కడా తేడా లేదు.

ఈ నెలంతా నిజంగా తినేసింది ఎర్తింగ్, అంటే దారి తప్పిన కరెంటును నేలలోకి దించే ఏర్పాటు. మిద్దె మీద మెరిసే ప్యానెల్ అందరికీ కనిపిస్తుంది, నేలలో దిగిన కడ్డీ ఎవరికీ కనిపించదు, అందుకే ఈ రంగంలో తొందరపాటు ఎక్కువగా జరిగేది అక్కడే. ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీ కరెంటు వైపు ఒకటి, ఇంటి లైన్‌లోని ఏసీ కరెంటు వైపు ఒకటి, పిడుగు కడ్డీకి ఒకటి చొప్పున మూడు వేర్వేరు ఎర్తింగులు కావాలి. ఇక్కడ ఎర్రమట్టి కింద నాలుగైదు అడుగులకే బండ తగులుతుంది. మూడు మీటర్ల రాగిపూత కడ్డీని సుత్తితో దించడం కుదరని పని, అందుకని బండను తొలిపించాల్సి వచ్చింది. గుంతలో బొగ్గు, ఉప్పు వేయడం ఈ ప్రాంతపు అలవాటు. ఉప్పు కొంతకాలం నిరోధాన్ని తగ్గిస్తుంది, కాని లోహాన్ని తినేస్తుంది, వానలకు కరిగి కొట్టుకుపోతుంది కూడా. ప్యానెళ్లకు 25 ఏళ్ల హామీ రాయించుకుని, ఎర్తింగ్‌ను నాలుగేళ్లలో తుప్పుకు వదిలేయడం అర్థం లేని పని. మేము తేమను పట్టి ఉంచే బెంటొనైట్ మట్టి మిశ్రమం వాడాము.

కొలిచే పద్ధతిని వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఎర్త్ టెస్టరు చేతికి తీసుకుని కొలిచిన అనుభవం మా బృందంలో అంతకుముందు ఎవరికీ లేదు. పరీక్షించవలసిన కడ్డీ నుంచి 30 మీటర్ల దూరంలో ఒక మేకు దించాలి. దానికీ కడ్డీకీ మధ్య, అదే సరళరేఖలో, 62 శాతం దూరంలో, అంటే సుమారు 18.6 మీటర్ల దగ్గర రెండో మేకు దించాలి. ఈ రెండో మేకును మూడు మీటర్లు ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి జరిపి మళ్లీ కొలవాలి. మూడు అంకెలూ దాదాపు ఒకటే వస్తేనే ఆ కొలతను నమ్మాలి. మాకు డీసీ ఎర్తింగ్ మొదట 8.2 ఓంలు చూపించింది. మేము పెట్టుకున్న హద్దు 5. కడ్డీ పొడవుకు రెట్టింపు దూరంలో ఇంకో కడ్డీ దించి రెండింటినీ పట్టీతో కలిపితే 4.6కు దిగింది. మరీ దగ్గరగా దించి ఉంటే రెండు కడ్డీలూ ఒకే మట్టిని పంచుకునేవి, ఖర్చు రెట్టింపయ్యేది గాని నిరోధం అంతగా తగ్గేది కాదు. ఇవి వాన పడిన తర్వాతి అంకెలు. అసలు పరీక్ష ఏప్రిల్‌లో నేల ఎండినప్పుడే, కాబట్టి రిజిస్టరులో ఆ నెలకు ఒక వరుస ఖాళీగా ఉంచాము.

ఆగస్టు: తీగలు, కనెక్టర్లు

ప్యానెల్‌కు స్విచ్ ఉండదు. వెలుతురు పడుతున్నంతసేపూ దానిలో కరెంటు ఉంటుంది. ఇళ్ల వైరింగ్‌లో ఫ్యూజు పీకేసి ధైర్యంగా పనిచేసే అలవాటున్నవారికి ఈ మాట మళ్లీ మళ్లీ చెప్పాలి. పైగా ఏసీలో ప్రవాహం సెకనుకు వంద సార్లు సున్నా దాటుతుంది కనుక నిప్పురవ్వ తనంతట తాను ఆరిపోయే వీలుంది, డీసీలో ఆ వీలు లేదు. నడుస్తున్న వరుసలో కనెక్టరును పీకితే మంట సాగుతూనే ఉంటుంది. అందుకే ముందు డీసీని ఏసీగా మార్చే ఇన్వర్టరు ఆపాలి, తర్వాత ప్యానెళ్ల లైన్‌ను విడదీసే స్విచ్ అయిన డీసీ ఐసొలేటరు తిప్పాలి, క్లాంప్ మీటరుతో ప్రవాహం సున్నా అని చూడాలి, ఆ తర్వాతే కనెక్టరు మీద చేయి వేయాలి. ఈ వరుసను మహిళా బృందంతో సహా అందరి చేతా నోటికి చెప్పించాము.

ప్యానెళ్ల తీగలను కలిపే ఎంసీ-4 కనెక్టరు బిగించడం చూడటానికి చిన్న పనే. తీగ చివర తొడుగును ఏడెనిమిది మిల్లీమీటర్లు తీయాలి, లోపలి రాగి పోగు ఒక్కటి కూడా తెగకూడదు. లోహపు పిన్నులో పోగులన్నీ దూరాయని పిన్ను పక్కనున్న చిన్న రంధ్రంలోంచి చూసుకోవాలి, సరైన పళ్లున్న పనిముట్టుతో నొక్కాలి, ఆపైన తీగను గట్టిగా లాగి చూడాలి. కొరకరతో నొక్కినవాటిని, సరైన పనిముట్టుతో నొక్కినవాటిని మధ్యకు కోసి బల్ల మీద పక్కపక్కన పెట్టాము. మొదటిదానిలో పోగుల మధ్య ఖాళీలు కంటికే కనిపించాయి. ఆ ఖాళీల దగ్గరే నిరోధం పెరుగుతుంది, వేడి పుడుతుంది, కొన్ని వేసవులు గడిచాక ప్లాస్టిక్ కరుగుతుంది. ఒక కంపెనీ మగ కనెక్టరుకు మరో కంపెనీ ఆడ కనెక్టరు తగిలించకూడదనడానికి కారణం కూడా ఇదే, అవి ఒకదానిలో ఒకటి పట్టినట్లే ఉంటాయి గాని లోపల అతుకు సరిగా కూర్చోదు. బీడీలు చుట్టిన అనుభవమున్న ఒకామె ఈ పనిలో అందరినీ మించిపోయారు. ఆమె చేసిన కనెక్టర్లలో లాగుడు పరీక్షకు ఒక్కటీ ఊడలేదు.

ఆరు ప్యానెళ్లనూ వరుసగా కలిపాము. ఒక్కోదాని మీద రాసి ఉన్న ఖాళీ వోల్టేజి (ఏ లోడూ తగిలించనప్పటిది) 49.5, ఆరింటికి 297 రావాలి. మధ్యాహ్నం మీటరు పెడితే 270 చూపించింది. ఒక ప్యానెల్ పాడైందని కొందరు, మీటరు బాగాలేదని కొందరు వాదించారు. ప్యానెల్ వెనక చీటీ చదవమన్నాము. ఆ 49.5 అన్నది 25 డిగ్రీల వేడిమి దగ్గరి అంకె. ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ పెరిగినప్పుడల్లా వోల్టేజి 0.27 శాతం తగ్గుతుందని అదే చీటీలో కింద ఉంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో ప్యానెల్ వెనక చూస్తే 60 డిగ్రీలు. తేడా 35 డిగ్రీలు, తగ్గుదల తొమ్మిదిన్నర శాతం, లెక్క ప్రకారం 269 వోల్టులు. వాదన అక్కడితో ముగిసింది. చలికాలం తెల్లవారుజామున 12 డిగ్రీలుంటే అదే వరుస 307 వోల్టులకు చేరుతుంది, కాబట్టి ఇన్వర్టరును ఎంచుకునేటప్పుడు చూడవలసింది చలి రోజు వోల్టేజిని.

సెప్టెంబరు: అనుమతులు, ప్రారంభం

కాగితాల పని గురించి ఎక్కువ రాయను. పది కిలోవాట్ల లోపు దరఖాస్తులకు సాంకేతిక సాధ్యత పరిశీలన అక్కర్లేదని, అవి ఆమోదం పొందినట్లే పరిగణించాలని విద్యుత్ వినియోగదారుల హక్కుల మీద 2024 నాటి సవరణ నియమాలు చెబుతున్నాయి. అయినా వచ్చే కరెంటునూ పోయే కరెంటునూ లెక్కించే ద్విముఖ మీటరు వచ్చి బిగించేసరికి ఓపిక పట్టవలసి వచ్చింది. మిద్దె మీది ప్యానెళ్లకు రాయితీ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ పీఎం సూర్యఘర్ పథకం ఇళ్లకు ఉద్దేశించినది కాబట్టి మా కేంద్రానికి రాయితీ వర్తించదు. కాని మా వాళ్లు రేపు పనిచేసేది ఇళ్లలోనే కనుక ఆ లెక్క అందరికీ నేర్పాము: మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 రూపాయలు, మూడో కిలోవాటుకు 18,000, అంటే మూడు కిలోవాట్లకు 78,000, ఆపైన ఎంత పెట్టుకున్నా అంతే. రాయితీ కావాలంటే దేశీయంగా తయారైన ప్యానెళ్లే వాడాలి. ఇంటికి ఎంత అవసరమో చూడకుండా, రాయితీ గరిష్ఠంగా వస్తుందని మూడు కిలోవాట్లు అంటగట్టే అమ్మకందార్ల గురించి కూడా చర్చ జరిగింది. నెలకు 90 యూనిట్లు వాడే ఇంటికి ఒక కిలోవాట్ సరిపోతుంది, అది రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది.

ప్రారంభించిన రోజు మధ్యాహ్నం ఇన్వర్టరు తెర మీద 2.6 కిలోవాట్లు కనిపించాయి. 3.24 రాలేదేమని ఈసారి ఎవరూ కంగారుపడలేదు. వేడి, దుమ్ము, తీగల నష్టం అంటూ వాళ్లే లెక్క చెప్పారు. ఎండ బాగా కాసిన రోజు 14 యూనిట్ల దాకా, మబ్బు పట్టిన రోజు 7 యూనిట్లు వస్తున్నాయి.

మరుసటి రోజే ఊరంతా కరెంటు పోయింది, మా ఇన్వర్టరు కూడా ఆగిపోయింది. “ఇంత ఎండ ఉంది, ఇన్ని ప్యానెళ్లు ఉండాయి, ఫ్యాను తిరగదా?” అని సంఘం మహిళలు నిలదీశారు. బయట స్తంభమెక్కి లైన్ బాగుచేస్తున్న మనిషి వైపు మన మిద్దె నుంచి కరెంటు పారితే ఏమవుతుందో అడిగితే, అందరూ ఒక్క క్షణం ఆలోచించి ఒప్పుకున్నారు. గ్రిడ్, అంటే బయటి లైన్ కరెంటు లేనప్పుడు తనంతట తాను ఆగిపోవడం ఈ ఇన్వర్టర్లకు నిర్దేశించిన భద్రతా లక్షణం. కరెంటు కోతల్లో కూడా వెలుతురు కావాలంటే బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ ఏర్పాటు వేరే ఉంది, దాని ఖర్చూ వేరే. అమ్మేటప్పుడే ఈ మాట చెప్పకపోతే మొదటి కోత రోజునే కొన్నవారి నమ్మకం పోతుంది. సాంకేతిక పరిజ్ఞానం ఎంత ఉన్నా, దీన్ని కొనేవారికి అర్థమయ్యేలా చెప్పలేనివారు ఈ వృత్తిలో నిలవడం కష్టమని నా అభిప్రాయం.

అక్టోబరు: ఎవరెవరు ఎటు

ఇద్దరు యువకులకు అనంతపురంలో ఒక ఇన్‌స్టాలర్ దగ్గర పని కుదిరింది. వారి సర్టిఫికెట్లతో పాటు మా ఎర్తింగ్ రిజిస్టరు నకలు కూడా ఆయన అడిగి తీసుకున్నారు. మరో అమ్మాయి సౌర ప్యానెళ్ల బిగింపు నేర్పే ప్రభుత్వ సూర్యమిత్ర శిక్షణకు దరఖాస్తు పెట్టింది. 2015లో మొదలైన ఆ కార్యక్రమం 600 గంటల కోర్సు, ఐటీఐ చదివినవారికి సరిగ్గా సరిపోతుంది. ఈ రంగపు ఉద్యోగాలకు నైపుణ్య ప్రమాణాలు నిర్ణయించే స్కిల్ కౌన్సిల్ ఫర్ గ్రీన్ జాబ్స్ కూడా అదే ఏడాది ఏర్పడింది; ఆ కౌన్సిల్ ప్రమాణాల ప్రకారం పరీక్ష రాస్తే రాష్ట్రం దాటి వెళ్లినా గుర్తింపు ఉంటుంది. మిగిలినవారు తమ పాత వైరింగ్ పనుల్లోనే ఉన్నారు, కాకపోతే ఇప్పుడు ఎర్త్ టెస్టరు అద్దెకు తీసుకుని వెళ్తున్నారు. పాత ఇళ్లలో ఎర్తింగ్ కొలిచి, సరిచేసే పనికి గిరాకీ ఉందని వాళ్లే కనిపెట్టారు.

మహిళా బృందం రెండు పనులు ఎంచుకుంది: ఇంటి బిల్లు లెక్క రాసి ఇవ్వడం, ప్యానెళ్లు కడగడం. రెండోదానికి నీళ్ల సమస్య అడ్డొచ్చింది. ఇక్కడి బోరు నీళ్లతో కడిగితే ఆరిన తర్వాత గాజు మీద తెల్లటి ఉప్పు మరక మిగులుతుంది, అది దుమ్ము కంటే మొండిది. ఆర్వో ప్లాంటు నీళ్లు ప్యానెల్‌కు రెండు లీటర్ల చొప్పున చాలు. మెత్తని బ్రష్షు వాడాలి, సబ్బు పొడి వాడకూడదు, గాజు వేడెక్కకముందే తెల్లవారగానే ముగించాలి, ఎంత తొందరున్నా ప్యానెల్ మీద కాలు పెట్టకూడదు. కాలు పెడితే లోపలి సెల్స్ కంటికి కనిపించకుండా బీటలు వారతాయి.

పాడైన ప్యానెళ్లను ఏమి చేయాలన్న ప్రశ్న కూడా వచ్చింది. 2022 నాటి ఈ-వ్యర్థాల నియమాలు సౌర ప్యానెళ్లనూ తమ పరిధిలోకి తెచ్చాయి. పాత ఇనుము బండివాళ్లకు అమ్మవద్దని, తయారీదారు వివరాలు, వరుస సంఖ్యలు రాసిపెట్టుకోమని చెప్పాము. మా ఆరు ప్యానెళ్ల సంఖ్యలు రిజిస్టరు మొదటి పేజీలోనే ఉన్నాయి.

ఇక మిగిలిన పనులు. కడగడం వల్ల నిజంగా ఎంత లాభమో ఎవరి మాటా నమ్మకుండా తేల్చుకోవాలని నవంబరుకు ఒక ప్రయోగం పెట్టుకున్నాము: మూడు ప్యానెళ్లను వారం వారం కడిగి, మూడింటిని కడగకుండా వదిలి, నెల చివర ఒకే మధ్యాహ్నం ఒక్కోదాన్ని విడిగా తీసి షార్ట్ సర్క్యూట్ కరెంటు (రెండు కొసలనూ నేరుగా కలిపినప్పుడు పారేది) కొలుస్తారు. ఆ తేడాను బట్టి ఇంటికి కడిగే పనికి ఎంత అడగాలో సంఘం ధర నిర్ణయిస్తుంది. బిగింపు బోల్టుల టార్క్ (బిగువు) మళ్లీ ఒకసారి చూడాలి. వేపకొమ్మ ఒకటి పడమటి వైపు నుంచి మిద్దె మీదికి పెరుగుతోంది, దాని గురించి పక్కింటివారితో మాట్లాడే బాధ్యత సంఘం అధ్యక్షురాలు తీసుకున్నారు.